సంతకాల లెక్క చూశాం, సరుకు లెక్క ఎప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

మా వర్క్‌షాపు గోడకు ఒక పాత పేపరు ముక్క అతికించి ఉంది. 2023 మార్చిలో విశాఖపట్నంలో జరిగిన పెట్టుబడిదారుల సదస్సు వార్త అది. 13 లక్షల కోట్ల రూపాయలకు పైబడి ఒప్పందాలని తాటికాయంత అక్షరాలు. 2025 నవంబరులో అదే విశాఖలో వేరే ప్రభుత్వం పెట్టిన సదస్సు వార్త మీ పత్రిక మొదటి పేజీలో వచ్చింది. అక్కడా 13 లక్షల కోట్లకు పైబడే. దాన్నీ కత్తిరించి మొదటిదాని పక్కనే అంటించాను. మా దగ్గర మిల్లింగ్ మిషన్ నడిపే కుర్రోడు రెండూ చూసి, "ఏమ్నా, పాత పేపరే మళ్లా ఏసినారా?" అన్నాడు.

వాడికి సమాధానం చెప్పబోయి ఆగిపోయాను. చెప్పాల్సింది వాడికి కాదు, మీకు అనిపించింది. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, మన్నించాలి.

నాది హిందూపురం. 1991లో ఐటీఐ ఫిట్టరు ట్రేడు పాసయ్యాను. పీవీ నరసింహారావు గారి ప్రభుత్వం విదేశీ పెట్టుబడికి తలుపులు తీసింది ఆ ఏడాదే. అప్పుడు ఆ సంగతి నాకేం తెలుసు? బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో ఒక సేటు దగ్గర త్రెడ్డింగ్, అంటే ఇనుముకు మరలు కోసే పని, నేర్చుకుంటూ, తప్పు పోయినప్పుడల్లా తిట్లు తింటున్నాను. 1994లో ఒక పాత లేత్, అంటే ఇనుము తిప్పి చెక్కే మిషన్, కొనుక్కుని ఊరికి వచ్చేశాను. బోరు మోటార్ల షాఫ్టులు, చెనక్కాయలు వలిచే మిషన్లకు బుష్షులు, పట్టు రీలింగ్ వాళ్లకు చిన్నా చితకా స్పేర్లు. ఇరవై మూడేళ్లు అదే బతుకు. 2017 ఏప్రిల్లో దక్షిణ కొరియా కార్ల కంపెనీ కియా మా పక్కన పెనుకొండ మండలం యర్రమంచికి వస్తోందని ఒప్పందం జరిగింది. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, 536 ఎకరాలు, ఏడాదికి 3 లక్షల కార్లు. అప్పటినుంచి విదేశీ పెట్టుబడి నాకు పేపరు మాట కాకుండా పోయింది. నా లేత్ మీద దిగిన పని, దిగకుండా పోయిన పని కూడా అదే.

కియాను తెచ్చింది మేమంటే మేమని మా జిల్లాలో ఇప్పటికీ వాదులాడుకుంటారు. ఒప్పందం జరిగింది ఒక ప్రభుత్వంలో, 2019 డిసెంబరులో పెద్ద ప్రారంభోత్సవం జరిగింది ఇంకో ప్రభుత్వంలో. టీ అంగడి దగ్గర ఎవరి పార్టీ వాడు వాళ్ల నాయకుడి పేరు చెబుతాడు. నేను మిషన్ పనివాణ్ణి. ఒక పళ్లచక్రం తిరుగుతుంటే దాన్ని తిప్పే చక్రం ఎక్కడుందా అని వెతకడం నాకు అలవాటు. వెతికితే నాకు దొరికినవి ఇవి.

బయట తయారైన కారును ఓడలో తెచ్చి ఇక్కడ అమ్మాలంటే 2017లో దిగుమతి సుంకం 60 శాతం. కారు ధర 40 వేల డాలర్లు దాటితే 100 శాతం. అంత సుంకం కట్టి మధ్యతరగతికి కారు అమ్మడం ఏ కంపెనీ వల్లా కాదు. ఇక్కడ అమ్మాలంటే ఇక్కడే చెయ్యాలి, ఆ సుంకం గోడ దాటడానికి అదొక్కటే దారి. గోడ ఉన్నంత మాత్రాన ఎవరూ రారు, గోడ లోపల సంత ఉండాలి. ఉంది. మన కార్ల సంత 2022లో జపాన్‌ను దాటి ప్రపంచంలో మూడోదైంది. ఆ సంతలో కియా పేరు గల కారు 2019 దాకా లేనే లేదు. అదే గ్రూపులోని అన్న కంపెనీ హ్యుందాయ్ మాత్రం 1998 నుంచి శ్రీపెరంబుదూరులో శాంట్రో చేసి అమ్ముతూ ఈ దేశంలో ఏం నడుస్తుందో ఇరవై ఏళ్లు చూసింది. తమ్ముడు ఆ అనుభవం చూసుకునే దిగాడు.

ఇంకొకటి మన టీ అంగళ్లలో ఎవరూ చెప్పరు. 2017లో కొరియాలో అమెరికా వాళ్ల థాడ్ క్షిపణి వ్యవస్థ పెట్టినందుకు చైనాకు కోపం వచ్చింది. చైనాలో కొరియా కార్ల అమ్మకాలు ఆ ఏడాది దారుణంగా పడిపోయాయి. ఒకే గంపలో గుడ్లన్నీ పెట్టిన యజమాని ఇంకో గంప వెతుక్కుంటాడు గదా. బీజింగ్‌లో కోపం, యర్రమంచిలో పునాది. దీనికి ఏ నాయకుడి ఫోటో పెడదాం?

నీళ్ల సంగతి మాత్రం ఒప్పుకోవాలి. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో ముందు వరసలో ఉండే అప్పటి మా అనంతపురం జిల్లాలో కార్ల ఫ్యాక్టరీ అంటే మొదట మా ఇంట్లోనే నవ్వారు. కార్లకు రంగు వేసే షాపు నీళ్లు లేకుండా నడవదు. హంద్రీ నీవా కాలువలో శ్రీశైలం వెనక జలాలు ఎక్కి ఎక్కి 2016 చివర్లో గొల్లపల్లి రిజర్వాయరుకు చేరాయి. ఆర్నెల్లు తిరక్కుండానే కంపెనీ సంతకం పెట్టింది. ఆ కాలువ ఒక ప్రభుత్వం కట్టింది కాదు, ఎన్ని ప్రభుత్వాలు తవ్వాయో మా తరం వాళ్లకు తెలుసు. ఇక ఇటు 44వ నంబరు జాతీయ రహదారి, అదే రోడ్డు మీద రెండు గంటల్లో దేవనహళ్లి విమానాశ్రయం, పెనుకొండ స్టేషన్ మీదుగా ధర్మవరం-బెంగళూరు రైలు మార్గం, నాలుగు వందల కిలోమీటర్ల లోపు చెన్నై రేవు. బెంగళూరు పక్కన ఎకరం కొనే డబ్బుతో ఇక్కడ ఎన్ని ఎకరాలు వచ్చేవో చెబితే ఇప్పుడు మా బావమరిదికి బాధ కలుగుతుంది. వాడి నాలుగెకరాల మెట్ట అందులోనే పోయింది. చెనక్కాయ నాలుగేళ్లకోసారి పండే నేల అది. వచ్చిన డబ్బుతో హిందూపురంలో ఇల్లు కట్టి, పై వాటాలు అద్దెకిచ్చి బతుకుతున్నాడు. పోయినందుకు ఏడవడు, నవ్వడు కూడా.

రాయితీలు పనిచేయవని నేననను. పక్కపక్కన రెండు రాష్ట్రాల్లో అన్నీ సమానంగా ఉంటే రాయితీ త్రాసు వంచుతుంది. త్రాసే లేని చోట రాయితీ ఎవరికి? ఇందులో ఇంకో మెలిక ఉంది. ఒప్పందం జరిగిన రెండు నెలలకు, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. జీఎస్టీ సరుకు వాడిన చోటికి పోయే పన్ను. యర్రమంచిలో చేసిన కారును పుణేలో కొంటే రాష్ట్రం వాటా మహారాష్ట్రకు పోతుంది. ఫ్యాక్టరీ పెట్టించుకున్న రాష్ట్రానికి మిగిలేది జీతాలు, అద్దెలు, స్థానికంగా కొనే సరుకు. అంటే ఇక్కడి లేత్‌కు పని దొరక్కపోతే రాష్ట్రానికి ఆ మేరకు పెట్టుబడి వచ్చినట్టే కాదు. నా కడుపు మంట కొద్దీ అంటున్నానని అనుకుంటే అనుకోండి, కొంచెం అదీ ఉంది.

ఎందుకంటే మొదటి మూడేళ్లు నాకు ఒక్క ఆర్డరూ రాలేదు. కార్ల కంపెనీ ఒంటరిగా రాదు, కూతురి వెంట సారె వచ్చినట్టు విడిభాగాల కంపెనీలూ కొరియా నుంచే వెంట వచ్చాయి. వాళ్ల దేశం కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు అప్పుడు 1.25 శాతం. మన రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు 6.25. నాకు బ్యాంకు చెప్పిన వడ్డీ 12 పైన. డాలరుకో రూపాయికో మారకం తేడా వస్తే వాళ్లకూ దెబ్బే అనుకోండి, అయినా పరుగు పందెంలో వాళ్లు గుట్ట దిగుతూ, నేను గుట్ట ఎక్కుతూ మొదలుపెట్టాం. నేనొకసారి శాంపిల్ పీసు పట్టుకుని ఒక విడిభాగాల కంపెనీకి వెళ్లాను. కొరియా ఇంజనీరు వెర్నియర్ పెట్టి కొలిచి తలూపాడు. దుబాసీ అమ్మాయి, "సార్, కొలత బాగుందంట. సీఎంఎం రిపోర్టు, హీట్ ట్రీట్‌మెంట్ సర్టిఫికెట్ అడుగుతున్నారు" అంది. మొదటిది కంప్యూటరు మిషన్ మీద సూక్ష్మంగా తీసే కొలతల పత్రం, రెండోది ఇనుమును కాల్చి గట్టిపరిచామనే పత్రం. ఆ రెండూ కావాలంటే నేను మళ్లీ పీణ్యకే పోవాలి. పోను వంద, రాను వంద కిలోమీటర్లు, ఒక రోజు పని, నాలుగు పీసులకు. లెక్క కుదరక ఆ పీసు ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడది మా బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా పనికొస్తోంది.

పట్టుదల కొద్దీ సెకండ్ హ్యాండ్ సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే మిషన్) కొందామని 2020 ఫిబ్రవరిలో బ్యాంకుకు పోయాను. సరిగ్గా ఆ వారమే, ప్లాంటు తమిళనాడుకు తరలే ఆలోచన ఉందని ఒక అంతర్జాతీయ వార్తాసంస్థ రాసింది. కంపెనీ కాదంది, ప్రభుత్వమూ కాదంది. మేనేజరు గారు మాత్రం ఫోను నా వైపు తిప్పి ఆ వార్త చూపించి, "ఇది తేలాక రండి" అన్నారు. అంతకు ముందు ఏడాదే పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం వచ్చింది. గాలి, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు మళ్లీ చూస్తామని ప్రభుత్వం అంది. ఆ విద్యుత్ గొడవ హైకోర్టు దాకా పోయి, ఒప్పుకున్న ధరే కట్టాలని 2022 మార్చిలో తీర్పు వచ్చింది. ధర ఎక్కువో కాదో తేల్చేంత చదువు నాకు లేదు. ఢిల్లీ వాళ్లూ తక్కువ తినలేదు. వొడాఫోన్ కేసు సుప్రీంకోర్టులో ఓడిపోయి, 2012లో పాత తేదీ నుంచి వర్తించేలా పన్ను చట్టం మార్చి, తొమ్మిదేళ్లకు 2021లో మళ్లీ వెనక్కి తీసుకున్నారు. మాట మీద నిలబడనివాడికి అప్పిచ్చేవాడు వడ్డీ పెంచి ఇస్తాడు. దేశాలకైనా, వీధి చివర ఫైనాన్సు అంగడికైనా అంతే. ఆ పెంచిన వడ్డీలో నా వాటా ఆ రోజు బ్యాంకు కుర్చీలో తెలిసింది. ఆరు వారాలకు లాక్‌డౌన్ పడింది, సీఎన్‌సీ మాట అక్కడితో ఆగింది.

నాకు పని ఎప్పుడు వచ్చిందో చెబుతాను. ఈ ఉత్తరంలో అసలు సంగతి ఇదే.

2021లో ఓడ కంటెయినర్ల అద్దెలు కొన్ని రెట్లు పెరిగాయి. డబ్బు పెట్టినా కంటెయినరు దొరకని వారాలున్నాయి. 2022 జూలైలో డాలరు 80 రూపాయలు దాటింది. ఒప్పందం నాడు 65 లోపు ఉన్న డాలరు అది. తయారీలో రేకును కదలకుండా పట్టి ఉంచడానికి కొరియా నుంచి తెచ్చుకునే ప్రతి జిగ్గూ, ప్రతి ఫిక్చరూ వాళ్లకు బరువైంది. అదివరకు గేటు దగ్గర నన్ను గంటసేపు నిలబెట్టిన కొనుగోలు విభాగం వాళ్లే ఫోను చేశారు. "అన్నా, లొకేటింగ్ పిన్నులు చేస్తారంట గదా, ఎన్ని రోజుల్లో ఇస్తారు?" ముఖ్యమంత్రులు నాకు ఇప్పించలేని ఆర్డరు రూపాయి పతనం ఇప్పించింది. ఆ ఏడాది ఇద్దరు పనివాళ్లను పెంచాను. సీఎన్‌సీ కొన్నాను. పీణ్యలో హీట్ ట్రీట్‌మెంట్ అతనితో వారానికి రెండు ట్రిప్పులు మాట్లాడుకున్నాను. 2023 జూలైలో అక్కడ పదో లక్ష కారు బయటికి వచ్చిందని మీ పత్రికలో చదివినప్పుడు, అందులో ఎక్కడో నా పిన్నులు పట్టుకున్న రేకు ఉండే ఉంటుందని మా ఆవిడకు చెప్పుకున్నాను.

అయితే రూపాయి పడటం మంచిదని నేను అనడం లేదు. డబ్బు తెచ్చినవాడు లాభం తిరిగి డాలర్లలో లెక్కేసుకుంటాడు. ఏటేటా రూపాయి కరుగుతుంటే వాడి లాభమూ కరుగుతుంది, కొత్తగా రావాలనుకునేవాడు జంకుతాడు. నాకు మేలు చేసిన రేటే ఇంకెవడినో సరిహద్దు దగ్గరే ఆపి ఉంటుంది. నా సీఎన్‌సీ కంట్రోలర్ కార్డు కాలిపోతే దిగుమతి కార్డుకు ఎంతయిందో అడగకండి.

పేపర్లలో విదేశీ పెట్టుబడి అంటూ వేసే అంకె గురించీ ఒక మాట. 2024-25లో దేశంలోకి 81 బిలియన్ డాలర్లు, అంటే 8,100 కోట్ల డాలర్లు వచ్చాయని అందరూ వేశారు. నిజమే. అదే ఏడాది ఇక్కడ పెట్టుబడి పెట్టినవాళ్లు వెనక్కి తీసుకెళ్లింది 5,100 కోట్ల డాలర్లకు పైనే. మనవాళ్లు బయటి దేశాల్లో పెట్టింది 2,900 కోట్ల డాలర్ల దాకా. రిజర్వు బ్యాంకు మొదట వేసిన లెక్కలో చివరికి మిగిలింది దాదాపు 35 కోట్ల డాలర్లు. ఇది లోపలి పేజీలో ఏడో కాలమ్‌లో వచ్చింది. 2024 అక్టోబరులో హ్యుందాయ్ మన మార్కెట్లో 27,870 కోట్ల రూపాయల షేర్లు అమ్మింది. మన దేశంలో అప్పటిదాకా అంత పెద్ద ఐపీఓ (కంపెనీ జనానికి మొదటిసారి షేర్లు అమ్మడం) లేదు. ఆ డబ్బంతా అమ్మిన మాతృ సంస్థకే పోయింది, ఇక్కడి ఫ్యాక్టరీకి కొత్తగా ఒక్క రూపాయి రాలేదు. అందులో తప్పేం లేదు. 1996 నుంచి పెట్టిన చెట్టుకు కాయలు కోసుకున్నారు. తీసుకెళ్లడానికి దారి లేని చోట ఎవడూ తెచ్చి పెట్టడు, ఈ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ చేలో పోసిన నీళ్లు ఎన్ని, ఇంకింది ఎంత అని రైతు చూసుకుంటాడు. మీరు మోటారు తిరిగిన గంటలు మాత్రమే అచ్చు వేస్తే ఎలా?

ఇంకడం అంటే నా బోటి వాళ్ల షెడ్డుల్లోకి రావడం. దాన్ని చట్టంతో తేవాలని మన ప్రభుత్వం ఒకప్పుడు చూసింది. 1997 డిసెంబరులో కార్ల కంపెనీలతో కేంద్రం ఒప్పందాలు రాయించుకుంది. మూడేళ్లలో 50 శాతం, ఐదేళ్లలో 70 శాతం విడిభాగాలు ఇక్కడివే ఉండాలని షరతు. అమెరికా, ఐరోపా వాళ్లు ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కారు, 2001లో మనకు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. కాబట్టి ఇప్పుడు మంత్రిగారు వేదిక మీద "స్థానిక వర్క్‌షాపుల దగ్గరే కొనాలని కంపెనీకి చెప్పాం" అంటే చప్పట్లు కొట్టే ముందు ఆలోచించండి, అలా షరతు పెట్టే దారి మూసుకుపోయి పాతికేళ్లవుతోంది. మారుతి నాడు ఆ దారి తెరిచే ఉంది. 1983లో మొదటి కారు వచ్చాక గుర్గావ్ చుట్టూ విడిభాగాల వాళ్లను చేయిపట్టి నడిపించి, కొందరిలో వాటాలు కూడా పెట్టి పెంచారు. ఇటు వియత్నాం చూడండి. శాంసంగ్ బాక్ నిన్, థాయ్ న్గుయెన్‌లలో ఫోన్ల ఫ్యాక్టరీలు పెట్టింది. ఆ దేశం ఎగుమతుల్లో 70 శాతానికి పైగా విదేశీ కంపెనీల చేతిలోనే ఉన్నాయి. అక్కడి చిన్న షెడ్డు యజమాని కూడా ఇప్పుడు నాలాగే ఏదో పేపరుకు ఉత్తరం రాస్తుంటాడేమో.

షరతు పెట్టలేకపోయినా చేయగలిగినవి ఉన్నాయి. హిందూపురం-పెనుకొండ మధ్య అచ్చులు, పనిముట్లు చేసే ఒక మంచి టూల్ రూమ్, ఆ కొలతలు తీసే ఒక సీఎంఎం, ఒక హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేసు, గంటకింత అని అద్దెకు. హైదరాబాదు బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. అలాంటిది మాకు చిన్న కొమ్మ చాలు. ఒక సదస్సు వేదిక మీద పూల ఖర్చు ఎంతో నాకు తెలియదు, ఫర్నేసు ధర మాత్రం తెలుసు.

రెండోది నా పైసలు. చిన్న యూనిట్లకు 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది. గడువులోగా కట్టకపోతే ఆ ఖర్చు ఆ ఏడాది ఆదాయంలో తగ్గించుకోవడం కుదరదని ఆదాయపు పన్ను చట్టంలోనూ చేర్చారు. నేను సరుకు ఇచ్చే ఒక చోట, పేరెందుకు లెండి, 110 రోజులకు గానీ డబ్బు పడదు. ఈలోగా జీఎస్టీ మాత్రం నెల తిరక్కుండా నేను నా చేతినుంచి కడతాను. ఫిర్యాదు చేయడానికి పోర్టల్ ఉంది. ఫిర్యాదు చేస్తే డబ్బు వస్తుంది, తర్వాతి ఆర్డరు రాదు. మా సీమలో ఈ వ్యవహారాన్ని కక్కలేక మింగలేక అంటారు.

ఇక మీకు నా మనవి. విశాఖలో గూగుల్ డేటా సెంటర్‌కు ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లన్నారు. శ్రీసిటీలో ఎల్‌జీ 5,001 కోట్ల రూపాయల ఫ్యాక్టరీకి 2025 మేలో పునాది రాయి పడింది. సంతోషం. డేటా సెంటర్‌కు కావాల్సింది కరెంటు, నీళ్లు, సముద్రం కేబులు. లేత్ పని అందులో పెద్దగా ఉండదు. ఎల్‌జీ ఫ్రిజ్జు కంప్రెసరులో ఉంటుంది. రెండూ కోట్లే అయినా ఒక్క తూకం కాదు. మీ విలేకరులు ప్రతి జిల్లాలో ఉన్నారు. ఏడాదికి ఒక్కసారి, సదస్సు జరిగిన తేదీకే, ఒక పేజీ కేటాయించండి. సంతకాలు ఎన్ని, భూమి ఇచ్చినవి ఎన్ని, కరెంటు మీటరు పెట్టించుకున్నవి ఎన్ని, సరుకు గేటు దాటినవి ఎన్ని, జిల్లాలో కొన్న సరుకు ఎంత. ఏ పార్టీ సదస్సయినా ఇదే పట్టిక. కరెంటు మీటరు దగ్గర మొదలుపెట్టమని మీ వాళ్లకు చెప్పండి, అది అబద్ధం చెప్పదు.

ఆ పేజీ వస్తే దాన్నీ కత్తిరించి గోడకు అంటిస్తాను. మూడో ముక్కకు చోటు వదిలే పెట్టాను.

ఇట్లు,
ఒక లేత్ వర్క్‌షాపు యజమాని,
హిందూపురం, శ్రీ సత్యసాయి జిల్లా.

(నా పేరు, షాపు పేరు వేయవద్దని మనవి. పోయిన నెల బిల్లు ఇంకా రావాల్సి ఉంది.)